గదికి 666 డాలర్లు, మందని చూడటం ఉచితం

ముందు ఆ మోటల్ సంగతి కక్కేస్తే గానీ మిగతాది రాయబుద్ధి కావట్లేదు.

సౌత్ డకోటాలోని కస్టర్ స్టేట్ పార్కులో ఏటా సెప్టెంబరు ఆఖరి శుక్రవారం బైసన్ల (అమెరికా అడవిదున్నల) మందని కొండల్లోంచి దొడ్లోకి తోలుతారు. రౌండప్ అంటారు. నాన్న ఒంగోలు గిత్తల్ని పెంచిన మనిషి. రెండు నెలలుగా డెన్వర్‌లో మా అపార్ట్‌మెంట్ గోడలు చూస్తూ కూర్చున్నారని ఆయన కోసమే బయల్దేరాం. ఆగుతూ వెళ్తే ఏడు గంటలు. దారి గురించి చెప్పడానికేమీ లేదు, వ్యోమింగ్ గాలి తప్ప.

కస్టర్ ఊళ్లో మామూలు రోజుల్లో 90 డాలర్లుండే గది రౌండప్ వారం 289. పైగా రెండు రాత్రులు తప్పనిసరి. పన్నులతో 641. సరే, తిరునాళ్ల గిరాకీ అనుకున్నాం. తీరా వెళ్లాక కౌంటర్లో ఈవెంట్ ఫీజని ఇంకో 25 గుంజారు. గదిలో హీటర్ మీద 'పనిచేయదు' అని రాసిన టేపు అంటించి ఉంది. ఆ టేపు అంచులు దుమ్ము పట్టి నల్లగా చుట్టుకుపోయాయి. నిన్నా మొన్నా చెడింది కాదన్నమాట. బయట 3 డిగ్రీలు. వెళ్లి అడిగితే కౌంటర్లో ఆవిడ ఫోన్లోంచి తలెత్తకుండా, "ఈ వారం ఊళ్లో ఎక్కడా గది దొరకదు, తెలుసుగా" అంది. దుప్పటి ఇచ్చింది, అదంతా సిగరెట్ కంపు. మా ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పట్టుకెళ్లి తలుపు బయట పడేసి, రాత్రంతా నాతో మాట్లాడలేదు. బుక్ చేసింది నేనే కదా! నాన్న మాత్రం స్వెట్టరు మీద నా జాకెట్ తొడుక్కుని, "సందట్లో సడేమియా రా. కోటప్పకొండ తిరునాళ్లకి మనవాళ్లు చేసేదీ ఇదే" అని ముసుగుతన్నారు.

మీరు మాత్రం ర్యాపిడ్ సిటీలో దిగండి. గంట దూరం. అదే రోజు అక్కడ దిగిన మా ఆఫీసు స్నేహితుడు 140 ఇచ్చాడు, హీటరు కూడా పనిచేసిందట.

ఇక రౌండప్ చూడటానికి టికెట్టే లేదు. ముందు రోజు పార్కులో తిరగడానికి కారుకి 20 డాలర్లు కట్టాం, అంతే. వేలమంది వస్తారు కాబట్టి చీకటితోనే వెళ్లి గుట్ట మీద చోటు పట్టుకోవాలి. మంద దొడ్లో పడేదాకా కార్లని కదలనివ్వరు. తినడానికి ఏదైనా కట్టుకెళ్లండి. మా పాప ఎనిమిదింటికే "ఇంకెంతసేపు" మొదలెట్టింది.

తొమ్మిదిన్నర దాటాక ముందు దుమ్ము లేచింది. ఆ తర్వాత అరికాళ్లలో అదురు. అరవై మంది దాకా గుర్రాల మీద, వాళ్ల ముందు సుమారు 1,300 బైసన్లు, గుట్ట వాలంతా నల్లగా దొర్లుకుంటూ వచ్చాయి. పాప తాతయ్య చెయ్యి పట్టేసుకుంది. నాన్న నోట్లో వక్క నమలడం ఆపేశారు.

మధ్యాహ్నం దొడ్ల దగ్గర దూడలకి టీకాలు, వాతలు, ఆవులకి చూలు పరీక్షలు. నాన్న కంచె వదిలి రాలేదు. "పాపికొండల అడవిదున్నకి ఇంత బొచ్చుండదు. ఆ మూపురం చూడరా, ఏనుగు కుంభస్థలంలా" అన్నారు. అదంతా కండే, చలికాలం తలతో మంచు తోసి గడ్డి మేయడానికి అని చెప్పాను. పక్కనున్న ఓ ముసలి రైతుని నాన్న అడగడం, నేను ఇంగ్లీషు చేయడం. ఒకప్పుడు కోట్లలో ఉన్నవి 1889 నాటికి వెయ్యికి పడిపోయాయట. స్కాటీ ఫిలిప్ అనే రాంచర్ (పశువుల ఆసామి) సాకిన మందలోంచి 1914లో పార్కు కోసం 36 కొంటే, ఇవాళ్టి మందకి అవే మూలం. ఉన్న గడ్డి ఎన్నిటికి సరిపోతుందో లెక్కేసి, మిగిలినవాటిని నవంబరులో వేలం వేస్తారు. కొనేవాళ్లు ఎక్కువగా రాంచర్లే.

"కోతకి కూడా పోతాయా?"

"పోతాయి నాన్నా."

కాసేపాగి అన్నారు: "మన గిత్తలూ అంతేగదరా. బ్రెజిల్ వాళ్లు పట్టుకుపోయి నెలోరి అని పేరెట్టి మాంసానికి పెంచారు, అక్కడ కోట్లలో ఉన్నాయి. మనం బొట్టు పెట్టి దణ్ణం పెట్టాం. ట్రాక్టరొచ్చాక అమ్ముకున్నాం. నేనే అమ్మాను గదా."

సాయంత్రం ఊళ్లో బైసన్ బర్గర్ 18 డాలర్ల 50 సెంట్లు. నేను తిన్నాను. కొవ్వు తక్కువ, కాస్త తీపి. నాన్న బంగాళాదుంప వేపుడుతో సరిపెట్టుకున్నారు. మా ఆవిడ అప్పటికి మాట్లాడింది, "రెండో రాత్రి ఆ గదిలో నేనుండను" అని. రాత్రికి రాత్రే డెన్వర్ బయల్దేరాం. ఆ రాత్రి డబ్బు బూడిదలో పోసినట్టే. బుకింగ్ వాళ్లకి ఫోటోలు పెట్టి ఫిర్యాదు చేస్తే 25 వెనక్కొచ్చింది.

ఇంటికొచ్చిన మూడో రోజు నాన్న, "ఆ వేలానికి బయటివాళ్లని రానిస్తారా?" అన్నారు. రానిస్తారు. ఆయన తిరుగు టికెట్ అక్టోబరు 28కి. మార్చడానికి ఎంతవుతుందని అడిగితే 210 డాలర్లన్నారు. మోటల్లో ఒక్క రాత్రి కన్నా తక్కువే.