రువాన్‌లో జోన్ ఆఫ్ ఆర్క్ కోసం: ఏవి చూడాలి, ఎక్కడ ఉండాలి

పారిస్ సెయింట్ లజార్ స్టేషన్ నుంచి రువాన్‌కి రైల్లో గంటన్నర లోపే. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయొచ్చంటారు గానీ, పదిహేనో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ల మీద ఫ్రెంచ్ సైన్యాన్ని నడిపించి, మతద్రోహి అన్న నేరం మీద ఇక్కడ విచారణకు గురైన జోన్ గురించి తెలుసుకోవాలని వెళ్లేవాళ్లు ఒక రాత్రి ఉంటేనే నయం.

స్టేషన్ దగ్గర్లోనే ఆమె పేరుతో ఒక గుండ్రటి రాతి బురుజు ఉంది. ఆమెను ఇందులోనే బంధించారని చాలామంది అనుకుంటారు. ఆ చెరసాల బురుజు వేరే, దాన్ని ఎప్పుడో కూల్చేశారు. ఇప్పుడున్న ఈ బురుజుకి మాత్రం 1431 మే 9న, విచారణ మధ్యలో ఆమెను తెచ్చి, చిత్రహింసల పనిముట్లు చూపించి బెదిరించారు. పంతొమ్మిదేళ్ల పిల్ల, లొంగలేదు. బయటి నుంచి చూస్తే చాలు.

తీరిగ్గా చూడాల్సింది కెథడ్రల్ పక్కన, ఆర్చిబిషప్ భవనంలో 2015లో తెరిచిన ‘హిస్టోరియల్ జాన్ దార్క్’. అద్దాల పెట్టెల్లో వస్తువులు పెట్టిన మ్యూజియం కాదిది. మనం గదులు దాటుతుంటే గోడల మీద సాక్షులు మాట్లాడతారు. ఇంగ్లీషులో కూడా వినొచ్చు. ఆమెను దోషి అన్న 1431 నాటి మొదటి తీర్పు చెల్లదని, ఆమె చనిపోయాక జరిగిన రెండో విచారణలో 1456లో ప్రకటించింది ఈ భవనంలోనే, అందుకే కథంతా ఆ రెండో విచారణ వైపు నుంచి నడుస్తుంది. సెయింట్ మైకేల్, కేథరిన్, మార్గరెట్ తనతో మాట్లాడతారన్న అమ్మాయిని మొదటి విచారణ నడిపిన బిషప్ కోషాన్ కోర్టు ఎన్ని రకాలుగా తిప్పి అడిగిందో! “దేవుడి కృప నీ మీద ఉందా?” అన్నారు. ఉందంటే గర్వం, లేదంటే పాపం ఒప్పుకున్నట్టు. “లేకపోతే దేవుడే ఇవ్వాలి, ఉంటే ఆయనే నిలపాలి” అంది. చదువు రాని పల్లెటూరి పిల్ల! నాకు ఒళ్లు జలదరించింది.

1431 మే 24న భయపడి, సెయింట్ల స్వరాలు వినిపించాయన్న తన మాట వెనక్కి తీసుకుంది. కొద్ది రోజులకే, కోర్టు వద్దన్న మగబట్టలు మళ్లీ వేసుకుంది, ఆ స్వరాలు నిజమేనంది. ఇంకేం, మే 30న పాత మార్కెట్ చౌక్‌లో కాల్చేశారు. అక్కడిప్పుడు పెద్ద శిలువ, 1979 నాటి కొత్త చర్చి ఉన్నాయి. చర్చి బయటికి వింతగా ఉన్నా లోపలికి తప్పకుండా వెళ్లండి. 1944లో ధ్వంసమైన సెయింట్ విన్సెంట్ చర్చి అద్దాలు, 16వ శతాబ్దానివి, ఇక్కడ బిగించారు. మధ్యాహ్నం వెలుగులో ఆ నీలం రంగు చూడాలి.

చౌక్‌లోని హోటళ్లలో భోజనం ఖరీదే. పక్క సందుల్లో చీజ్, గుడ్డు వేసిన అట్లు దొరుకుతాయి, మాంసం తినని వాళ్లు హ్యామ్ వద్దని ముందే చెప్పాలి. మేం దిగిన పాత చెక్క ఇల్లు చూడముచ్చటగా ఉంది గానీ లిఫ్ట్ లేదు, మెట్లు మెలికలు. పెద్దవాళ్లుంటే స్టేషన్ పక్క హోటలే మేలు. హిస్టోరియల్‌కి సోమవారం సెలవు, రైలు టికెట్ తీసుకునే ముందే అది చూసుకోండి.