నా చేతి వణుకు, లెన్స్‌లోని స్టెబిలైజర్

షట్టర్ బటన్ సగం నొక్కగానే వ్యూఫైండర్‌లో ఊగుతున్న బొమ్మ టక్కున నిలబడిపోతుంది. చేతి వణుకును లెన్స్ లోపలే సరిదిద్దే స్టెబిలైజర్ పని అది. ఈ 150-600 ఎంఎం జూమ్ లెన్స్‌ని ఇన్ని చలికాలాలుగా భుజాన మోస్తున్నానంటే దానికోసమే. బరువు రెండు కిలోలకు దగ్గర, నా మణికట్టు నొప్పి పాతది. పొద్దున్నే నెల్లూరు చెరువు గట్టు మీద మంచులో నిలబడి 600 దగ్గర, అంటే పూర్తిగా జూమ్ చేసి, లకుముకి పిట్టను చూస్తే, స్టెబిలైజర్ లేకపోతే అది ఫ్రేములో ఉయ్యాల ఊగుతున్నట్టే ఉంటుంది. వెలుతురు చాలని ఆ వేళలో ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచకుండా, సెకనులో 1/200 వంతు షట్టర్ వేగానికే ఫొటో తీసుకోవచ్చు. కొన్న కొత్తలో కనిపించిన వాళ్లందరికీ ఇదే చెప్పాను.

పోయిన సంక్రాంతి ముందు అది మొండికేసింది. కొడవలూరు వైపు పొలాల్లో నాట్లకు దమ్ము చేస్తున్నారు. ట్రాక్టరు వెనకాలే తెల్లకొంగల మంద, బురదలో పైకి తేలిన పురుగుల కోసం ఒకటే తోపులాట. నేను బటన్ నొక్కితే బొమ్మ నిలబడకపోగా ఒక పక్కకి జారిపోయి మళ్లీ ఎగిరి మొదటికొస్తోంది. లోపల గరగర. ఆఫ్ చేసి ఆన్ చేశాను, బ్యాటరీ తీసి పెట్టాను. ఊహూ. ట్రాక్టరాయన ఇంజన్ ఆపి మరీ "ఏందమ్మా, మిషను చెడిపోయిందా?" అని అడిగాడు. నెల్లూరులో దాన్ని విప్పి చూసేవాళ్లు దొరకలేదు. చెన్నైకి ఫోన్ చేస్తే పొంగల్ సెలవులు అయ్యాక పంపమన్నారు. చలికాలం పిట్టలు నా రిపేరు కోసం ఆగుతాయా?

పాత జీన్స్ కాలు కత్తిరించి, వడ్లు పోసి సంచీ కుట్టాను. (ముందు బియ్యమే పోయబోయాను, మా ఆయన ఒప్పుకోలేదు.) స్కూటర్ సీటు మీదో, కాలవ కల్వర్టు గోడ మీదో సంచీ వేసి, స్టెబిలైజర్ ఆఫ్ చేసి, లెన్స్‌ని దానిమీద ఆనించి తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే గుడ్డికొంగ మెడ మీద చారలు ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. స్టెబిలైజర్‌తో తీసిన పాత ఫొటోలు పక్కన పెట్టాను. వాటిలో కొమ్మ, ఆకు అన్నీ స్పష్టం, పిట్ట తల మాత్రం కాస్త మసక. స్టెబిలైజర్ ఆపేది నా చేతిని, పిట్టను కాదు. తోక ఒక్క క్షణం ఆపని వాగ్‌టైల్ పిట్టకి 1/200 ఏం సరిపోతుంది? ఎగిరే కొంగకైతే 1/2000 పైనే పెట్టాలి, అక్కడ స్టెబిలైజర్ ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు.

రిపేరయి వచ్చాక బాగానే పనిచేస్తోంది. నడుస్తూ తీసేటప్పుడు ఆన్‌లోనే ఉంచుతాను, సంచీ దొరికిన చోట ఆఫ్ చేస్తాను. వంటింటి కిటికీ గడప మీద సంచీ పెట్టి మందారం మీది తేనెపిట్టలను తీస్తున్నప్పుడు స్టెబిలైజర్ అవసరమే పడలేదు.

నా మణికట్టు ఇలా ఉంది కాబట్టి మళ్లీ కొన్నా స్టెబిలైజర్ ఉన్నదే కొంటాను. గట్టి చేతులున్నవాళ్లు, ఒకేచోట కూర్చుని తీసేవాళ్లు దానికోసం అంత డబ్బు పెట్టాలా అన్నది నేను చెప్పలేను. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు మాత్రం బటన్ సగం నొక్కి లెన్స్‌కి చెవి ఆనించి వినండి. సన్నటి హమ్ మామూలే. గరగర వినిపించిందా, బేరమాడకుండా వచ్చేయండి.