సీసీఎన్‌పీ ల్యాబ్‌కి సీఎంఎల్ పర్సనల్: కార్డు గీకే ముందు మీ ల్యాప్‌టాప్ ర్యామ్ చూస్కోండి

సిస్కో వాళ్ళ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌పీకి మెయిన్ పేపరైన ఎన్‌కోర్ రాద్దామని కూర్చున్నాక ఫస్ట్ వచ్చే డౌటే ఇది, ల్యాబ్ ఎక్కడ చెయ్యాలి అని. సిస్కో సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్ కింది మెట్టు సీసీఎన్‌ఏ దాకా బానే లాక్కొస్తుంది, ఆ పైన చాలా కమాండ్లు అసలు తీసుకోదు. అందుకని నేను సిస్కో మోడలింగ్ ల్యాబ్స్, అదే సీఎంఎల్ (మన కంప్యూటర్‌లోనే వర్చువల్ నెట్‌వర్క్ కట్టుకునే సాఫ్ట్‌వేర్), పర్సనల్ లైసెన్స్ తీసుకున్నా. ఏడాదికి 199 డాలర్లు, 20 నోడ్ల (అంటే రౌటర్, స్విచ్ లాంటి డివైజ్‌ల) లిమిట్. చిన్న డబ్బేం కాదు మనకి, ఎందుకంటే ఎన్‌కోర్ ఫీజే 400 డాలర్లు, దాని తర్వాత ఎనార్సీ లాంటి రెండో పేపర్‌కి ఇంకో 300, పన్నులు వేరే.

పెట్టిన డబ్బుకి వచ్చిన మొదటి సుఖం ఇమేజ్‌లు, అంటే ఆ వర్చువల్ డివైజ్‌లలో నడిచే సాఫ్ట్‌వేర్ ఫైళ్ళు. ఇలాంటిదే ఇంకో ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఈవీఈ-ఎన్‌జీ, దాని కమ్యూనిటీ ఎడిషన్ ఫ్రీనే గానీ రౌటర్ ఇమేజ్‌లు మనమే తెచ్చుకోవాలి, ఇంక మనవాళ్ళు ఎక్కడ తెస్తారో తెలిసిందేగా, టెలిగ్రామ్‌లో ఎవడో పెట్టిన జిప్ ఫైలు. ఇక్కడ ఆ గోల లేదు, ఐఓఎల్, క్యాట్ 8000వీ, నెక్సస్ 9000వీ లాంటి వర్చువల్ రౌటర్లు, స్విచ్‌లు అన్నీ లైసెన్స్‌తోనే వస్తాయి.

అసలు మజా మాత్రం లింక్ మీద క్లిక్ చేసి బ్రౌజర్‌లోనే ప్యాకెట్ క్యాప్చర్ పెట్టుకోవడంలో ఉంది. రెండు రౌటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్) పెట్టి ఒకవైపు ఐపీ ఎమ్‌టీయూ (ప్యాకెట్ గరిష్ట సైజు) 1400 చేసి చూడండి, నైబర్ ఎక్స్‌స్టార్ట్, ఎక్స్ఛేంజ్ స్టేజుల దగ్గరే పూర్తిగా కలవకుండా వేలాడుతూ ఉంటుంది. క్యాప్చర్ తెరిస్తే డీబీడీ (తన డేటాబేస్ వివరాలు పంపే) ప్యాకెట్ మళ్ళీ మళ్ళీ వెళ్తూ కనిపిస్తుంది, రెండోవైపు నుంచి వచ్చినదాన్ని విప్పితే ఇంటర్‌ఫేస్ ఎమ్‌టీయూ 1500 అని లోపలే రాసి ఉంటుంది. ఇంకోటి దీనికన్నా దొంగది, ఒకవైపు నెట్‌వర్క్ టైప్ బ్రాడ్‌కాస్ట్, రెండోవైపు పాయింట్-టు-పాయింట్ పెట్టండి. రెండింటికీ హలో టైమర్ 10 సెకన్లే కాబట్టి నైబర్ ఫుల్ (పూర్తిగా కలిసింది) అని చూపిస్తుంది, కానీ రౌటింగ్ టేబుల్‌లో ఒక్క ఓఎస్‌పీఎఫ్ రూటు కూడా ఉండదు! ఇలాంటివి పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కవు, మన చేత్తో చెడగొట్టి బాగుచేస్తేనే ఎక్కుతాయి. ఎన్‌కోర్‌లో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సెక్షన్ ఒక్కటే 30 శాతం, పైగా ల్యాబ్ ప్రశ్నలూ ఇస్తారు, నెక్స్ట్ కొట్టాక వెనక్కి వెళ్ళే ఛాన్సే లేదు, 120 నిమిషాలు ఎటు పోతాయో తెలీదు.

అమీర్‌పేటలో నేను చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో (పేరొద్దులే) సార్ బీజీపీ (ఇంటర్నెట్‌ని నడిపే రౌటింగ్ ప్రోటోకాల్) చెప్తే నోరెళ్ళబెట్టి వినేవాళ్ళం, దండం పెట్టాలి ఆయనకి. ల్యాబ్ మాత్రం బ్యాచ్ మొత్తానికి ఒకటే సర్వర్, సాయంత్రం అందరూ లాగిన్ అయితే షో రన్ (కాన్ఫిగ్ చూపించే కమాండ్) కొట్టి కిందకెళ్ళి టీ తాగొచ్చినా అవుట్‌పుట్ వచ్చేది కాదు. చివర్లో డంప్స్ (లీకైన పరీక్ష ప్రశ్నలు) ఇస్తాం అన్నారు, నమస్కారం పెట్టి వచ్చేశా.

ఇక సీఎంఎల్‌తో ఉన్న తలనొప్పులు. మ్యాక్ ఎమ్ సిరీస్ వాళ్ళు ఆశ వదులుకోండి, నడవదు. వర్చువల్‌బాక్స్‌కి సపోర్ట్ లేదు, వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ పెట్టుకోవాలి, అది ఇప్పుడు ఫ్రీనే. విండోస్‌లో హైపర్-వీ, మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉంటే నెస్టెడ్ వర్చువలైజేషన్ (వర్చువల్ మెషీన్ లోపల ఇంకోటి నడపడం) దగ్గర ఎర్రర్ కొడుతుంది, అవి ఆపితే గానీ కదలదు. ఇవన్నీ దాటొచ్చాక అసలు విలన్ ర్యామ్. 16 జీబీ ఉంటే ఐఓఎల్ నోడ్లు హాయిగా పరిగెడతాయి, నోడ్‌కి పెద్దగా తినవు. కానీ క్యాట్ 9000వీ స్విచ్ ఒక్కటే 18 జీబీ అడుగుతుంది! అంటే లైసెన్స్‌లో 20 నోడ్లు రాసున్నా మీ ల్యాప్‌టాప్ ఎన్ని ఒప్పుకుంటే అన్నే. 8 జీబీ వాళ్ళు ఆ డబ్బుతో ముందు ర్యామ్ వేయించుకోండి.

ఎస్‌డీ-యాక్సెస్ (సాఫ్ట్‌వేర్‌తో ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం నడిపే సిస్కో పద్ధతి) లాంటివి ఇంట్లో ల్యాబ్ పెట్టి చేసే పని కాదు, అవి చదువుకోవాల్సిందే. ఆటోమేషన్ భాగానికి సిస్కో డెవ్‌నెట్ శాండ్‌బాక్స్‌లు (ఆన్‌లైన్ ల్యాబ్‌లు) ఫ్రీగా ఉన్నాయి, దానికోసం ఇది కొనక్కర్లేదు.

కొనాలనుకుంటే మాత్రం సిలబస్ ఒక రౌండ్ అయ్యి, పరీక్ష డేట్ మీద ఒక అంచనా వచ్చాకే కొనండి, ఎందుకంటే కొన్న రోజు నుంచే ఏడాది మీటర్ తిరుగుతుంది. అప్పటిదాకా 5 నోడ్ల ఫ్రీ వెర్షన్ ఉంది, సీఎంఎల్ 2.8 వెర్షన్ నుంచి ఇస్తున్నారు, పైన చెప్పిన ఓఎస్‌పీఎఫ్ ముచ్చట్లకి అదే ఎక్కువ. లైసెన్స్ అయిపోతే నోడ్లు స్టార్ట్ అవ్వవు, కాబట్టి ల్యాబ్‌లన్నీ యామల్ (టెక్స్ట్) ఫైళ్ళుగా ముందే దింపి పెట్టుకోండి, దింపే ముందు కాన్ఫిగ్ ఫెచ్ కొట్టడం మర్చిపోవద్దు, లేకపోతే బొమ్మ వస్తుంది గానీ కాన్ఫిగ్ రాదు.