వాషింగ్టన్ ఎస్ఎఫ్ఆర్ఏ: పదేళ్లు దాటిన వాడకం తరువాత ఒక ప్రైవేట్ పైలట్ సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాను. వాషింగ్టన్ చుట్టూ ఆకాశంలో విమానాలకు ఆంక్షలున్న రెండు వలయాలున్నాయి. లోపలిది ఉండాల్సిందే, దాని మీద నాకు పేచీ లేదు. బయటిదాన్ని మాత్రం ఎప్పుడో ఎత్తేయాల్సింది. మేరీల్యాండ్‌లోని గెయితర్స్‌బర్గ్ నుంచి పదేళ్లకు పైగా అద్దె సెస్నా 172లు (నాలుగు సీట్ల చిన్న విమానాలు) నడుపుతున్నాను. ఆ బయటి వలయంలోంచి వెళ్లకుండా, తిరిగి అందులోకి రాకుండా నేను ఎగిరిన వారాంతం దాదాపు లేదు.

ఆ బయటి వలయమే ఎస్ఎఫ్ఆర్ఏ, అంటే స్పెషల్ ఫ్లైట్ రూల్స్ ఏరియా. రీగన్ నేషనల్ ఎయిర్‌పోర్ట్ దగ్గరి వీఓఆర్ (విమానాలకు దారి చూపే రేడియో కేంద్రం) నుంచి చుట్టూ 30 నాటికల్ మైళ్లు, నేల నుంచి 18,000 అడుగుల లోపు ఆకాశమంతా దాని కిందికే వస్తుంది. సెప్టెంబర్ 11 దాడుల తరువాత, ఇరాక్ యుద్ధం రాబోతున్న రోజుల్లో, 2003 ఫిబ్రవరిలో ఏడీఐజెడ్ (గగనతల రక్షణ గుర్తింపు ప్రాంతం) అనే పేరుతో తాత్కాలికంగా పెట్టారు. 2005లో దీన్ని శాశ్వతం చేస్తామని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రతిపాదిస్తే 20,000కు పైగా అభిప్రాయాలు వచ్చాయి, ఎక్కువ శాతం వద్దనే. అయినా 2008 డిసెంబర్‌లో తుది నియమం వచ్చేసింది, 2009 ఫిబ్రవరి 17 నుంచి అమల్లో ఉంది. దీని లోపల దాదాపు సగం వ్యాసార్థంతో ఇంకో వలయం, ఎఫ్ఆర్‌జెడ్ (ఫ్లైట్ రిస్ట్రిక్టెడ్ జోన్). దానికీ నడిబొడ్డున వైట్ హౌస్, క్యాపిటల్ మీది నిషిద్ధ ప్రాంతం పీ-56.

వాడకం ఎలా ఉంటుందో చెప్తాను. బయలుదేరే ముందు ఎస్ఎఫ్ఆర్ఏ ఫ్లైట్ ప్లాన్ వేయాలి. ఏ గేటు గుండా బయటికి పోతామో అందులో రాయాలి: వూలీ, ఫ్లకీ, లక్కీ, పేలియో, ఇలా పేర్లున్న గేట్లు. తిరిగి రావడానికి ఇంకో ప్లాన్. ఇంజన్ స్టార్ట్ చేసి రేడియోలో పిలిస్తే కంట్రోలర్ నాలుగంకెల స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మన విమానాన్ని గుర్తుపట్టే నంబర్) ఇస్తారు. అది ట్రాన్స్‌పాండర్‌లో (ఆ కోడ్‌ను రాడార్‌కు పంపే పరికరంలో) కొట్టి, టేకాఫ్ అయ్యాక వాళ్లకు కనిపించామని వాళ్ల నోటి నుంచి వినాలి. మామూలుగా దేశమంతా చిన్న విమానాలు వాడే 1200 కోడ్ ఇక్కడ కొట్టకూడదు. వలయం దాటేవరకో, దిగేవరకో కోడ్ మార్చకూడదు, రేడియో వదలకూడదు. కోడ్ రావడానికి ఒక్కోసారి అర నిమిషం, ఒక్కోసారి ఆ ఫ్రీక్వెన్సీలో నలుగురు మాట్లాడుతుంటే పది నిమిషాలు. అంతసేపూ ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ నడిచిన సమయం లెక్కగట్టే హాబ్స్ మీటరూ తిరుగుతుంది. అద్దె ఆ మీటర్ ప్రకారమే.

డబ్బు సంగతి నేను పెద్దగా పట్టించుకోను. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఇన్ని వివరాలు రాసి ఇచ్చే ఆ ఎస్ఎఫ్ఆర్ఏ ప్లాన్‌లో సెర్చ్ అండ్ రెస్క్యూ ఉండదు. అంటే నేను చేరాల్సిన చోటికి చేరకపోతే ఆ కాగితం చూసి ఎవరూ వెతకడం మొదలుపెట్టరు. అది కావాలంటే మామూలు వీఎఫ్ఆర్ (కంటిచూపుతో ఎగిరే నియమాల) ఫ్లైట్ ప్లాన్ విడిగా వేసుకోవాలి. కొత్తగా వచ్చిన పైలట్లకు ఈ మాట చెప్తే నమ్మరు. పైలట్ రాసే కాగితం మొదట ఆ పైలట్ ప్రాణానికి ఉపయోగపడాలి కదా.

ఒక జూలై మధ్యాహ్నం సంగతి. గుంటూరు నుంచి వచ్చిన నాన్నను షెనండోవా లోయలో లూరే గుహలు చూపించడానికి తీసుకెళ్లాను. ఆయనకు అవి చూస్తుంటే బొర్రా గుహలే గుర్తొచ్చాయట, దారంతా అవే కబుర్లు. తిరుగు ప్రయాణంలో బ్లూ రిడ్జ్ కొండల మీద మబ్బులు కూడుకోవడం మొదలైంది. ఉదయం చూసిన సూచన కంటే రెండు గంటలు ముందే. వలయం అంచుకు ఇంకా ఐదు మైళ్లుండగా రేడియోలో పిలిచాను. ‘స్టాండ్ బై, రిమెయిన్ అవుట్‌సైడ్.’ ఒక చుట్టు తిరిగాను. మళ్లీ పిలిచాను, మళ్లీ అదే మాట. ఇంకో విమానం కూడా అదే ఎత్తులో, నాలాగే కోడ్ కోసం తిరుగుతోంది. టాబ్లెట్ మీద దాని బాణం గుర్తు నా గుర్తు వైపే తిరగడం చూశాను. నాన్న కిటికీలోంచి చూసి, ‘అదిగో, రెక్కలు మెరుస్తున్నాయి’ అన్నారు. అర మైలు కూడా లేదు. నేను ఐదు వందల అడుగులు దిగి, ముక్కు ఉత్తరానికి తిప్పి, వించెస్టర్‌లో ల్యాండ్ అయ్యాను. అక్కడ లాబీలో కాఫీ తాగుతూ రెండు గంటలు కూర్చున్నాం. గాలివాన వచ్చి పోయింది. ‘మనింటికి మనం పోవడానికి నంబరేంటమ్మా?’ అని నాన్న అడిగారు. నేను భద్రత, సెప్టెంబర్ 11 అని ఏదో చెప్పాను. ఆయన శాంతంగా విని, ‘ఇందాకటిదీ భద్రతేనా?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు కంట్రోలర్‌ను నేను తప్పుపట్టను. ఎయిర్‌లైన్స్ విమానాలను వరసలో పెడుతూ, మధ్యలో మాలాంటి వాళ్లందరికీ కోడ్లు పంచాలి. ఇక్కడి కంట్రోలర్ల నైపుణ్యం చాలా గొప్పది, నేను నేర్చుకున్న రేడియో క్రమశిక్షణ అంతా వాళ్ల చలవే. తప్పు వాళ్ల నెత్తిన ఈ పని పెట్టిన నియమానిది. అంచు దగ్గర చిన్న విమానాలను కుప్పగా తిరగనిచ్చే నియమం ప్రమాదాన్ని తగ్గించదు, ఇంకో చోటికి జరుపుతుంది.

మరి ఈ బయటి వలయం దేన్ని ఆపింది? 2005 మే 11న పెన్సిల్వేనియా నుంచి బయలుదేరిన ఒక సెస్నా 150 దారి తప్పి నగరం మీదికి వచ్చేసింది. వైట్ హౌస్, క్యాపిటల్ ఖాళీ చేయించారు, ఎఫ్-16లు లేచాయి, చివరికి దాన్ని మేరీల్యాండ్‌లోని ఫ్రెడరిక్‌లో దింపారు. ఏడీఐజెడ్ అప్పటికి రెండేళ్లుగా ఉంది. 2015 ఏప్రిల్ 15న ఒక పోస్ట్‌మ్యాన్ గెటిస్‌బర్గ్ నుంచి జైరోకాప్టర్ నడుపుకుంటూ వచ్చి నేరుగా క్యాపిటల్ పచ్చిక మీద దిగాడు. కోడ్ అడగలేదు, ప్లాన్ వేయలేదు. రావాలనుకున్నవాడు గేటు పేరు రాసి రాడు. రాసేది మాలాంటి వాళ్లమే.

వలయం గీసిన రోజుల్లో రాడార్ తెరమీద మేం పేరులేని చుక్కలం, కాబట్టి కోడ్ కావాలంటే అర్థముంది. 2020 జనవరి 1 నుంచి వాషింగ్టన్ చుట్టూ ఉన్న 30 మైళ్ల పరిధిలో ఏడీఎస్-బీ అనే ప్రసార పరికరం తప్పనిసరి. అంటే నా విమానం సెకనుకోసారి తన గుర్తింపు, ఎత్తు, స్థానం తానే చెప్పుకుంటోంది. ఇంట్లో కూర్చుని మా అబ్బాయి ఫోన్‌లో చూడగలుగుతున్నాడు. ఆ పైన నేను చేతితో రాసిచ్చే ప్లాన్ ఏం కొత్త సంగతి చెప్తుందో నాకు నిజంగా అర్థం కాదు. బరువు సంగతీ ఉంది: నిండా ఇంధనంతో, మనుషులతో నేను నడిపే 172 సుమారు 1,150 కిలోలు. ఇక్కడి రోడ్ల మీద చాలా ఫ్యామిలీ కార్లు దీనికంటే బరువు.

లోపలి వలయం మాట వేరు. అక్కడ ఎగరాలంటే వేలిముద్రలు, నేపథ్య పరిశీలన, పైలట్‌కు సొంత పిన్ కావాలి. కష్టమే, కానీ ఆ కష్టం ఎందుకో తెలుస్తుంది. బాధల్లా ఆ లోపల పడ్డ మూడు చిన్న విమానాశ్రయాలది. విల్బర్ రైట్ 1909లో సైనికాధికారులకు ఎగరడం నేర్పిన కాలేజ్ పార్క్, ప్రపంచంలో అప్పటి నుంచి ఆగకుండా నడుస్తున్న అతి పాత విమానాశ్రయం, అక్కడే ఉంది. ఆ మూడింట్లో ఒకటైన హైడ్ ఫీల్డ్ 2022లో మూతపడింది.

మిగతా ఆంక్షలు క్లుప్తంగా. 30,000 సీట్లు దాటిన స్టేడియంలో పెద్ద లీగ్ మ్యాచ్ ఉంటే మూడు మైళ్లు, 3,000 అడుగులు మూత. షెడ్యూల్ మనమే చూసుకోవాలి. అధ్యక్షుడు తన విడిది క్యాంప్ డేవిడ్‌కు వెళ్తే అక్కడి నిషిద్ధ వలయం ఫ్రెడరిక్ వైపు పెద్దదవుతుంది. ఎన్నిసార్లు చూసుకున్నా, బయలుదేరే ముందు నోటమ్‌లు (పైలట్లకు ఇచ్చే తాజా హెచ్చరికలు) ఇంకోసారి చూడండి.

రేటింగ్ అడిగితే: ఎఫ్ఏఏ ఉచిత ఆన్‌లైన్ శిక్షణకు నాలుగు, కంట్రోలర్లకు ఐదు, ఎఫ్ఆర్‌జెడ్‌కు మూడు, బయటి వలయపు ఫ్లైట్ ప్లాన్‌కు ఒకటి.

ఇక్కడ జర్మన్‌టౌన్, యాష్‌బర్న్ వైపు ఉంటూ ఎగరడం నేర్చుకోవాలనుకునే మనవాళ్లకు రెండు మాటలు. హెచ్-1బీ అయినా, గ్రీన్ కార్డ్ అయినా మొదట రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి, వేలిముద్రలు తప్పవు. నేను నేర్చుకున్న రోజుల్లో ఒక్కో దశకూ మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చేది. 2024 నియమం తరువాత ఒకసారి వచ్చిన అనుమతి ఐదేళ్ల వరకు చెల్లుతుంది. మొదటి పాఠాలు వలయం బయట ఉన్న ఫ్రెడరిక్‌లో తీసుకుంటే మీ డబ్బు కోడ్ కోసం ఎదురుచూడటానికి కాక ఎగరడానికి ఖర్చవుతుంది. 60 మైళ్ల లోపు వీఎఫ్ఆర్‌లో ఎగరాలంటే ఆ ఆన్‌లైన్ శిక్షణ చట్టప్రకారం తప్పనిసరి, సర్టిఫికెట్ ఫోన్‌లో పెట్టుకోండి. ఎప్పుడైనా పొరపాటున అంచు దాటామన్న అనుమానం వస్తే పది రోజుల లోపు నాసా నడిపే విమాన భద్రతా రిపోర్టింగ్ వ్యవస్థ ఏఎస్ఆర్ఎస్‌లో రిపోర్ట్ వేయండి.