కరీంనగర్ నల్లరాతి గుట్ట: కారుకి పెట్టిన డబ్బు దండగ

హనుమకొండలో లాడ్జి 1,400, పడుకోవడానికి సరిపోతుంది. వేయిస్తంభాల గుడి పొద్దున్నే చూడండి, రద్దీ ఉండదు. అసలు రాయాల్సింది కారు గురించి.

కరీంనగర్ వైపు రోజంతా తిప్పడానికి 3,200కి మాట్లాడుకున్నాం. డీజిల్, బత్తా అన్నీ అందులోనే అన్నారు. తీరా మట్టిబాట రాగానే డ్రైవర్ బండి ఆపేసి, లోపలికి రావాలంటే ఇంకో 900 కట్టమన్నాడు. ఓనర్‌కి ఫోన్ చేస్తే "డ్రైవర్‌తో చూసుకోండి" అని పెట్టేశాడు. మా ఆవిడ కోపంతో మాట్లాడటమే మానేసింది. అక్కడి ఊరి ఆటో అన్న మాత్రం 200కే తీసుకెళ్లి, రెండు గంటలు వేపచెట్టు కింద ఆగి, మళ్లీ రోడ్డు మీద దింపాడు. చల్లటి నీళ్లు కూడా ఇచ్చాడు. కారు మాట్లాడేటప్పుడు మట్టిబాట సంగతి వాట్సాప్‌లో రాయించుకోండి.

మేం వెళ్లింది మా అక్క కొడుకు కోసం. జియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. గ్రానైట్‌ని చీల్చుకుని కరిగిన రాయి పైకొచ్చి గట్టిపడ్డ నల్లటి డోలరైట్ గోడ, వాళ్ల భాషలో డైక్, అక్కడ గుట్టలా సాగి ఉంది. బెంగళూరు నుంచి కరీంనగర్ దాకా ఇలాంటి డైకులు ఉన్నాయట, వయసు దాదాపు 237 కోట్ల ఏళ్లు.

పెట్రోల్ డ్రిల్లుతో, నీళ్లు పోస్తూ, బొటనవేలంత లావు రాతి ముక్క తీశాడు. తీసే ముందు అది ఏ దిక్కుకి, ఎంత వాలుగా ఉందో గుర్తుపెట్టాడు. రాయికే అయస్కాంత గుణం ఉండటంతో మామూలు దిక్సూచి తప్పు చూపొచ్చు, అందుకని సూర్యుడి నీడతో కూడా సరిచూశాడు. గుట్ట నెత్తిన మాత్రం ముట్టుకోలేదు. పిడుగులు పడితే రాయిలోని పాత అయస్కాంత గుర్తు చెరిగిపోతుందట.

"కరిగిన రాయి చల్లారుతూ 580 డిగ్రీల కిందికి దిగాక, అందులోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అప్పటి భూమి అయస్కాంత దిశని పట్టేసుకుంటుంది మామా. ఆ దిశ పడుకుని ఉంటే భూమధ్యరేఖ దగ్గర పుట్టినట్టు, నిట్టనిలువుగా ఉంటే ధ్రువం దగ్గర" అన్నాడు. ఈ డైకుల్లో బాగా నిలువుగా ఉందట. అంటే ఈ ఎండల నేల ఒకప్పుడు ధ్రువం దగ్గరుండేది! ఆ మాట వినగానే ఒళ్లు జలదరించింది. తూర్పు పడమరల్లో ఎక్కడుందో మాత్రం రాయి చెప్పదట.

అప్పటిదాకా మూతి ముడుచుకున్న మా ఆవిడ నోరు విప్పింది. "మన వంటింటి గట్టు నల్ల గ్రానైట్ కూడా ఇదేనా?"

"చాలావరకు ఇదే అత్తా. కానీ క్వారీలో ఏ దిక్కున ఉండగా కోశారో తెలీదుగా, మాకు పనికిరాదు."