బూస్ట్ తగ్గినప్పుడు ముందు ఏది చూడాలి: గాలి లీకా, వేస్ట్‌గేటా?

ఇంజనులోకి అదనపు గాలిని నెట్టే కొత్త టర్బోను బిగించిన తరువాత, ఆ గాలి పీడనాన్ని, అంటే బూస్టును, చూపే గేజి ముల్లు ఆశించిన చోటికి చేరకపోతే వెంటనే టర్బోనే తప్పుపట్టడం తొందరపాటు అవుతుంది. ముందుగా రెండు పరీక్షలలో ఏది చేయాలో తేల్చుకోవాలి.

మొదటిది పీడన పరీక్ష. ఇంజను ఆపి, టర్బో గాలి పీల్చుకునే మూతిని బిగుతుగా మూసి, రెగ్యులేటరు ద్వారా సుమారు 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు గాలిని మెల్లగా ఎక్కించి, గొట్టాల అతుకులపై సబ్బునీళ్లు చల్లితే లీకు ఉన్నచోట నురుగు పొంగుతుంది. నూనె తడి అంటిన సిలికాన్ గొట్టం క్లాంపు కింద కొద్దిగా జారినా చేతికి గట్టిగానే తగులుతుంది. పీడనం ఎక్కినప్పుడే అది బుసకొడుతుంది. పిస్టను రింగుల పక్కనుంచి కొంత గాలి ఇంజను అడుగుభాగమైన క్రాంక్‌కేసులోకి పోవడం సహజమే కనుక, ఆ శబ్దాన్ని లోపంగా లెక్కించకూడదు.

రెండవది వేస్ట్‌గేట్ పరీక్ష. బూస్ట్ హద్దు మీరకుండా ఎగ్జాస్టు వాయువును టర్బైను (ఆ వాయువు తోసి తిప్పే టర్బో చక్రం) పక్కనుంచి మళ్లించే కవాటమే వేస్ట్‌గేట్. చేతిపంపుతో, దాన్ని కడ్డీ ద్వారా తెరిచే యాక్చుయేటరుకు పీడనం ఇచ్చి, ఆ కడ్డీ ఎక్కడ కదలడం మొదలుపెడుతుందో చూడాలి. 7 పీఎస్‌ఐ వద్ద కదలాల్సిన స్ప్రింగు 3 వద్దే కదిలితే కడ్డీ బిగువు చాలలేదనో, స్ప్రింగు బలహీనపడిందనో అనుమానించాలి. పని త్వరగా అయిపోతుంది గాని, గొట్టాల సంగతి ఏమీ తెలియదు.

బూస్ట్ ఎప్పుడూ స్ప్రింగు పీడనం వద్దే నిలకడగా ఆగిపోతుంటే నేను వేస్ట్‌గేటును, దానికి చేరే పీడనాన్ని నియంత్రించే సొలినాయిడ్ (విద్యుత్ కవాటం) గొట్టాలను ముందు చూస్తాను. ఇంజను వేగం పెరిగేకొద్దీ బూస్ట్ జారిపోతున్నా, నల్లపొగ వస్తున్నా పీడన పరీక్షకే నా ఓటు, ఎందుకంటే లీకును పూడ్చకుండా బూస్ట్ పెంచితే ఆ లోటు భర్తీకి టర్బో తన హద్దు దాటి తిరగవలసి వస్తుంది. టర్బైనుకు ముందున్న ఎగ్జాస్టు గాస్కెట్టు లీకును మాత్రం ఈ రెండూ పట్టలేవు. అక్కడ మసి చారలను కళ్లతోనే వెతకాలి.