రోమ్ కౌంటర్ దగ్గర నిలబడి, సియాటిల్ కిటికీ పక్కన కూర్చుని

అమ్మకి పొద్దున్నే ఆరింటికల్లా కాఫీ పడాలి. రాజమండ్రిలో ఉన్నా, సియాటిల్‌లో మా ఇంట్లో ఉన్నా అంతే. మే నెలలో ఇద్దరం ఇటలీ బయల్దేరినప్పుడు నాకు పట్టుకున్న టెన్షన్ కూడా ఆవిడ కాఫీ గురించే.

రోమ్‌లో తెర్మినీ స్టేషన్‌కి దగ్గర్లో చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, మంచాలు బాగున్నాయి. కానీ నీళ్లు కాచుకునే కెటిల్ కూడా లేదు. అమెరికాలో చాలాచోట్ల మామూలు మోటెల్ గదిలోనైనా ఓ కాఫీ మెషిన్, నాలుగు ప్యాకెట్లు పెడతారు. "కాఫీ కావాలంటే కింద బార్ ఉంది" అని ఓనరమ్మ చెప్పేసరికి అమ్మ నా మొహం చూసింది. అక్కడ బార్ అంటే మన కాఫీ హోటలే. పొద్దున్నే తెరుస్తారు.

పద్ధతి తెలిస్తే కంగారుండదు. రద్దీగా ఉండే చోట్ల ముందు గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి రసీదు తీసుకోవాలి. దాన్ని కౌంటర్ మీద పెట్టి "ఉన్ కఫే" అంటే చాలు, ఎస్ప్రెస్సో వస్తుంది. మందపాటి చిన్న కప్పు, ముందే వేడి చేసి ఉంచింది. అడుగున ముప్ఫై మిల్లీలీటర్లకు మించని కాఫీ, పైన తేనెరంగు నురగ. మేం తిరిగిన చోట్ల కౌంటర్ దగ్గర తాగితే ఒకటిన్నర యూరో దాటలేదు.

"ఇంతేనా అమ్మడూ?" అంది అమ్మ. ఓ గుక్క తాగి ఆగింది. రెండో గుక్కకి కళ్లు మూసుకుంది. "ఇది మొదటి డికాక్షనే. పాలు పడాలంతే" అంది. మర్నాటి నుంచి ఆవిడకి కఫే మక్యాతో చెప్పాను. అదే ఎస్ప్రెస్సో, పైన కాసిని నురగపాలు. రోజుకి మూడు తాగింది. లాతే అని మాత్రం అడగకండి, ఇటాలియన్‌లో ఆ మాటకి అర్థం పాలు. గ్లాసుడు పాలే ఇస్తారు.

రోమ్‌లోనే పాంథియాన్ అనే పురాతన కట్టడం దగ్గర సాంత్ ఎవుస్తాకియో అనే కాఫీ బార్‌కి రెండుసార్లు వెళ్లాం. 1938 నుంచీ ఉన్న చోటు. అక్కడ కాఫీలో చక్కెర వాళ్లే కలిపేస్తారు. అమ్మకి షుగర్, కాబట్టి డబ్బు కట్టేటప్పుడే "సెంజా జుక్కెరో", అంటే చక్కెర లేకుండా, అని చెప్పాల్సి వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లు ఈ రెండు మాటలూ కంఠస్థం చేసి వెళ్లండి.

నేపుల్స్‌లో కాఫీ ఇంకా చిక్కన. పక్కనే గ్లాసుడు మంచినీళ్లు పెడతారు, ముందు అవి తాగి నోరు శుభ్రం చేసుకుని కాఫీ తాగుతారు. అక్కడ "కఫే సొస్పెసో" అని పాత ఆచారం ఉంది. ఒకటి తాగి రెండింటికి డబ్బు కడితే, రెండోది స్తోమత లేని మనిషి ఎవరైనా వచ్చి అడిగినప్పుడు ఇస్తారు. అమ్మ తన పర్సులోంచి తనే చిల్లర తీసి ఒకటి కట్టింది. ఎవరు తాగారో మాకు తెలీదు. ఆ రోజంతా ఆవిడ ఎంత హుషారుగా నడిచిందో!

ఇబ్బందల్లా నిలబడటమే. అమ్మకి మోకాళ్ల నొప్పులు. చాలా బార్లలో కౌంటర్ రేటు వేరు, టేబుల్ రేటు వేరు. వెనిస్‌లో కాళ్లు లాగుతున్నాయంటే ఓ కెఫేలో ధరల పట్టిక చూడకుండా కూర్చున్నాం. రెండు కప్పులకి వచ్చిన బిల్లుతో కౌంటర్ దగ్గర ఆరు కప్పులు తాగొచ్చు. వడ్డించిన తీరు కూడా విసురుగానే ఉంది. పెద్దవాళ్లతో వెళ్తే కూర్చోవడానికయ్యే ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. ఆ విషయంలో ఇటలీ నాకు నచ్చలేదు.

సియాటిల్‌లో నేను కాఫీ తాగేది ఇంకో రకం. 1971లో స్టార్‌బక్స్ పుట్టిన ఊరిది. మొదట్లో వాళ్లు ఎక్కువగా కాఫీ గింజలే అమ్మేవారు. అక్కడ పనిచేసే హోవార్డ్ షుల్ట్జ్ 1983లో మిలాన్ వెళ్లి ఈ ఎస్ప్రెస్సో బార్లనే చూసి మురిసిపోయాడు. కానీ అమెరికాకి వచ్చాక ఆ కాఫీ సోఫాలో కూర్చుంది, స్టార్‌బక్స్‌లో గ్రాండే అనే సైజు కప్పు 473 మిల్లీలీటర్లయింది. రుచిలో నాకు పోలికే లేదు. మామూలు డ్రిప్ కాఫీ అమ్మ భాషలో మూడో డికాక్షన్. స్క్రీన్ తిప్పి టిప్పు ఎంతిస్తారని అడగడం కూడా నాకు కష్టంగా ఉంటుంది.

అయినా ఆ కుర్చీల రుణం నాకుంది. ఉద్యోగం పోయిన ఏడాది మా వీధి చివరి కాఫీ షాపులో, కిటికీ పక్క టేబుల్ దగ్గర నాలుగు నెలలు ఇంటర్వ్యూలకి చదువుకున్నాను. ఒక్క కప్పు కొనుక్కుని మూడు గంటలు కూర్చున్నా లెమ్మన్నవాళ్లు లేరు. ఇటలీ కౌంటర్ దగ్గర ఆ నాలుగు నెలలు గడిచేవి కావు.

వచ్చేటప్పుడు అమ్మ నేపుల్స్‌లో మూడు కప్పుల మోకా పాట్, అంటే పొయ్యి మీద పెట్టి కాఫీ కాచుకునే పాత్ర, కొనుక్కుంది. అల్యూమినియంది, నా ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కలేదు. రాజమండ్రి తీసుకెళ్లిపోయింది. గ్యాస్ పొయ్యి మీద చిన్న జాలీ వేసి, దాని మీద నిలబెడుతోందట. అరకు పొడి వేస్తోంది, పాలు విడిగా కాచి పోస్తోంది. పొద్దున్న ఆరింటికి.